కడబంతి

విందు అనగానే మనకు ముందుగా స్ఫురించునది వంటకముల పట్టిక. ఎవరి యింట ఏమి వండిరి, బూరెలలో నెయ్యి ఎంత పోసిరి, పులిహోరకు పులుపు చాలెనా, గారెలు కరకరలాడెనా అని నలుగురును నాలుగు దినములు చెప్పుకొందురు. పెండ్లి, ఉపనయనము, గృహప్రవేశము మొదలైన వేళల జరుగునవి ఊరి విందులు. వానికి వంటవాండ్రుందురు, గాడిపొయ్యి యుండును, పందిరి యుండును. మే మిప్పుడు చెప్పబోవునది వానిని గురించి కాదు. శుభకార్యమేదియు లేకుండ, స్నేహము కొరకో బంధుత్వము కొరకో పదిమందిని ఇంటికి పిలిచి, ఇంటి పొయ్యిమీద వండి, ఇంటివారే వడ్డించి పెట్టు భోజనమును గురించి చెప్పదలచితిమి. అట్టి భోజనములు మా యింట అరువది సంవత్సరములకు పైగా జరుగుచున్నవి.

మేమనగా మా యింటి వంటయింటివారము: మా అత్తగారు, వారి యిద్దరు కోడండ్రము, తరువాతి కాలమున మా బిడ్డలును కోడండ్రును. విజయవాడ గాంధీనగరములో మా కాపురము. చెన్నపట్నము నుండియు, హైదరాబాదు నుండియు, విశాఖపట్నము నుండియు వచ్చు రైలుమార్గములు కలియు పట్టణమగుటచేత ఇచ్చట నివసించువారికి అతిథుల కొరత యుండదు. ఒక రైలు దిగి మరియొక రైలెక్కుటకు నడుమ నాలుగు గంటల వ్యవధి దొరికిన బంధువు మన యింటికి రాక మరెక్కడికి పోవును? ముందు కార్డు వచ్చెడిది, వెనుక అతిథి వచ్చెడివాడు. ఒక్కొక్కప్పుడు అతిథి వచ్చి, భుజించి, వెళ్లిన మరునాడు కార్డు వచ్చెడిది.

వడ్డించువాడు మనవాడైనచో కడబంతిని కూర్చున్నను కొరత లేదని మన సామెత. చక్కని సామెతయే. కాని యది తినువానిని గురించి చెప్పినదే గాని, వడ్డించువారిని గురించి చెప్పలేదు. ఇంటి విందులో వడ్డించునది ఆ యింటి ఆడది. ఆమె కూర్చుండునది ఏ బంతిని? ఆమెకు వడ్డించువా రెవరు? ఇన్ని యేండ్ల అనుభవములో మాకు తేలిన విషయ మొక్కటి కలదు. విందు మంచిచెడ్డలు మొదటి విస్తరిని చూచి కాదు, కడపటి విస్తరిని చూచి నిర్ణయింపవలెను.

బంతి యనునది మన దేశమున తేలికయైన విషయము కాదు. ఎవరితో కలిసి కూర్చుండవలెను, ఎవరి చేతి యన్నము తినవలెను అను ప్రశ్నలమీద ఊళ్లు చీలిపోయినవి. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహము జరిపించినప్పుడు, ఆ పెండ్లికి పోయి అచట భుజించినవారిని వెలి వేసిరి. మాటతో సమర్థించుట యొక యెత్తు, విస్తరిముందు కూర్చుండుట యొక యెత్తు. మాటను మరునాడు మార్చుకొనవచ్చును, తిన్న అన్నమును మార్చుకొనలేము.

అన్నము పెట్టుటలో మన ఆంధ్రదేశమున అందరికిని తలమానికమైన పేరు డొక్కా సీతమ్మగారిది. 1841లో పుట్టి 1909లో కన్నుమూసిన ఈ యిల్లాలు కోనసీమలోని లంకల గన్నవరమున వేళ యనక, కులమనక, వచ్చినవారికెల్ల అన్నము పెట్టెను. ఒకమారు అంతర్వేది స్వామిని సేవింప బయలుదేరి, ఆకలిగొన్న పెండ్లివారు తన యింటికే పోవుచున్నారని త్రోవలో విని, వెనుకకు మరలినదని పెద్దలు చెప్పుకొందురు. మా అత్తగారు ఈ కథ మాకు పలుమారులు చెప్పి, చివర నొక మాట చేర్చెడివారు: “అందరికీ పెట్టిందని చెబుతారు గాని, ఆ తల్లి ఎన్నింటికి తిన్నదో ఎవరూ చెప్పరే!”

మేము ఆ యింట కోడండ్రముగా అడుగు పెట్టినది 1960లోను, 1963లోను. అప్పటికి మెట్రిక్ కొలతలు అంగళ్లలో నిలదొక్కుకొనుచుండెను. బజారులో కిలోలు వచ్చినను మా వంటయింటిలో మానికయే రాజ్యమేలెను. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. మనిషికి అరసోల బియ్యము చొప్పున మానికెడు బియ్యము ఎనమండుగురికి సరిపోవునని అత్తగారి లెక్క. ఇంటివారితో కలిసి పదునారుగురైనచో రెండు మానికలు పోసి, పైన నొక తవ్వెడు “రైలువారికి” అని పోసెడివారు. రైలువారనగా పిలువని అతిథులు. ఆ తవ్వెడు బియ్యము వృథాగా పోయిన దినము మాకు జ్ఞాపకము లేదు.

అరటియాకులు కాళేశ్వరరావు మార్కెట్టు నుండి కట్టగా వచ్చెడివి. ఆకు దొరకని వేసవిలో అడ్డాకుల విస్తళ్లు వాడెడివారము. అరటియాకు కొన తినువారి యెడమవైపునకు వచ్చునట్లు పరచవలెను. ఆకు కడిగిన తరువాత తీపి, పిదప పప్పు, కూర, పచ్చడి, పులిహోర, అటుపై వేడి యన్నము, దానిమీద నెయ్యి. పప్పన్నము ముగియగానే ముక్కల పులుసు, పిదప చారు, చివరకు గడ్డ పెరుగు. అతిథి చేయి పులుసులో నుండగా చారు గిన్నె వంటయింటి గడప దాటవలెను. ముందు వచ్చినచో తరుముచున్నట్లుండును, ఆలస్యమైనచో అన్నము చల్లారును. ఇట్లు కనిపెట్టుచు ఇరువది మారులు గడప దాటువారికి తమ ఆకలి జ్ఞాపకముండదు. ఉన్నను చెప్పుకొనుటకు వేళ యుండదు.

ఆ రోజులలో మూడు బంతులు. మొదటి బంతిని మగవారును పిల్లలును, రెండవ బంతిని వచ్చిన ఆడవారు, మూడవ బంతిని మేము. మూడవ బంతి పడునప్పటికి రాత్రి పదకొండు గంటలగును. ఐనను మా యింట ఆ బంతిలో చల్లారిన కూరయు ఉండెను గాని, కూర లేకపోవుట యెన్నడును లేదు. కారణము మా అత్తగారు పాటించిన యొక పద్ధతి.

వంట ముగిసి దేవునికి నివేదన జరుగగానే, మొదటి విస్తరి పరచుటకు పూర్వమే, కళాయి పూసిన ఇత్తడి గిన్నెలు కొన్ని తీసి, ప్రతి వంటకములోను కడబంతివారి భాగము వానిలో పెట్టి, మూతవేసి, అటకక్రింద నుంచెడివారు. బూరెలు మనిషికి రెండు, గారెలు రెండు, కూర గరిటెడు, అంతయు లెక్క. బయట బంతిలో ఎవరు ఎంత కొసరి అడిగినను, తహశీలుదారుగారే వచ్చి కూర్చున్నను, ఆ మూతలు తెరువరాదు. ఒకప్పుడు బూరెలు చాలక ఇంటి పెద్ద వంటయింటి గడప వరకు వచ్చి గిన్నెలవైపు చూచెను. అత్తగారు బెల్లపు పానకములో అటుకులు కలిపి క్షణములో వేరొక తీపి చేసి పంపిరి గాని మూత తీయలేదు.

ఈ పట్టుదలకు మూల మేమో మాకు చాలకాలమునకు గాని తెలియలేదు. వారు పదునాలుగవ యేట కృష్ణాతీరపు పల్లెటూరిలో కాపురమునకు వచ్చిరట. తొలిచూలు నిండిన నెలలలో నొక రాత్రి ముప్పదిమందికి వడ్డన జరిగెను. అందరును తిని లేచిన తరువాత వారికి దక్కినది కుండ అడుగున అంటిన మాడును, ముంతెడు మజ్జిగయు. ఆ సంగతి వారు ఎవరిమీదను నేరముగా చెప్పలేదు. వేరు కాపురము వచ్చిన మొదటి నెలలో గిన్నెలు కొనిరి, అంతే. “ముందు తీసిపెడితే వాటా అవుతుంది. అందరూ తిన్నాక దొరికితే మిగులు అవుతుంది. అన్నం ఒకటే, పేరు మారుతుంది” అని మాకు చెప్పిరి. ఆ గిన్నెలలో పాత్రలు తోము ఆమె వాటాయు ఉండెడిది. కాని ఆ వాటా దొడ్డివాకిట చేరెడిది. అది ఆనాటి కట్టుబాటు.

1965లో పాకిస్తానుతో యుద్ధము వచ్చినది. ఆహార ధాన్యముల కొరత యెక్కువయ్యెను. వారమునకొక పూట, సోమవారము రాత్రి, భోజనము మానవలసినదని ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రిగారు దేశమును కోరిరి. మా యింట సోమవారపు రాత్రి పొయ్యి వెలుగలేదు. చక్కెర కార్డుమీద కొలిచి యిచ్చు వస్తువయ్యెను. అతిథి వచ్చినచో ప్రక్కయింటి పిన్నిగారి వద్ద గ్లాసెడు చక్కెర బదులు తెచ్చి, మరుసటి మాసమున తీర్చెడివారము. ఈ బదుళ్ల లెక్క గోడమీద బొగ్గుతో వ్రాసియుండెడిది. అప్పుడు విందు ఒక తీపికి, ఒక కూరకు, ఒక పచ్చడికి దిగినది. విచిత్రమేమనగా వచ్చినవారెవరును చిన్నబుచ్చుకొనలేదు. అందరి యిండ్లలోను అదే లెక్క గనుక, పెట్టినది ఎంతయో కాక పిలిచిరనుటయే గొప్పయ్యెను.

కొరత దినములలో వంటయింటికి మరియొక పరీక్ష వచ్చినది. 1966లో ఫిలిప్పీన్సు దేశపు పరిశోధనాలయమునుండి వెలువడిన ఐ.ఆర్. 8 అను వరివంగడము మరుసటి సంవత్సరమునుండి గోదావరి, కృష్ణా డెల్టాలలో వ్యాపించెను. దిగుబడి చాలయెక్కువ, గింజ మాత్రము లావు. అక్కుళ్లు, మొలగొలుకులు తిని యలవాటుపడిన నోటికి ఆ యన్నము మొరటుగా తోచెను. డెల్టాలో వ్యవసాయము చేయు మా బాబాయిగా రొకరు మొదటి పంట బస్తా బండిమీద తెచ్చియిచ్చి, “అమ్మాయ్, లావుగా ఉందని మొగం ముడవకండి. దేశం ఆకలి తీర్చే గింజ ఇది” అనిరి. ఆ వారముననే పండ్రెండుగురు అతిథులు వచ్చిరి. అతిథులకు సన్నబియ్యమును, ఇంటి ఆడవారికి ఈ కొత్త బియ్యమును వేర్వేరుగా వండుదమని మాలో నొకరము అంటిమి. అత్తగారు ఒప్పుకొనలేదు. “ఒక పొయ్యిమీద రెండన్నాలు ఉడికితే ఒక ఇంట్లో రెండు ఇళ్లు ఉన్నట్టే” అని రెండు బియ్యములును ఒకే గుండిగలో కలిపి పోసిరి. కలిపిన అన్నము బాగుండలేదు. ఒకటి ముందు ఉడికెను, ఒకటి వెనుక ఉడికెను. అందరును అదే తినిరి.

మా యింటి బంతుల చరిత్రలో పెద్ద మార్పు 1977లో వచ్చినది. ఆ సంవత్సరము నవంబరు 19వ తేదీన తుపాను ఉప్పెనయై దివిసీమను ముంచివేసెను. వేలాదిమంది ప్రాణములు కోల్పోయిరి. నాగాయలంక, కోడూరు ప్రాంతముల పల్లెలు కొట్టుకొనిపోయినవి. మరునాటినుండి మా వీధిలో ప్రతి యింటను పులిహోర కలిపిరి. చింతపండును నూనెయు కలిసిన అన్నము రెండు దినములు చెడకుండ నిలుచును గనుక దూరము పంపుటకు అది తగినది. అడ్డాకులలో పొట్లములు కట్టి లారీలకెక్కించితిమి. అన్ని యేండ్లు అతిథుల ముఖములు చూచి వడ్డించిన మేము, ముఖ మెరుగని వారికి వండుట అదే మొదటిసారి.

ఒక రాత్రి అవనిగడ్డవైపునుండి తిరిగివచ్చిన యువకులు పదునాలుగురు మా యింట దిగిరి. అందులో విద్యార్థులు, గుమాస్తాలు, ఒక లారీ డ్రైవరు. వారు ఆ పగలంతయు శవములను పూడ్చి వచ్చినవారు. బావివద్ద స్నానము చేసి, మాటలాడక హాలులో గోడకు చేరగిలబడిరి. అన్నము సిద్ధమయ్యెను. బంతులు వేయు ఓపిక ఎవరికిని లేదు. మేమును ఉదయమునుండి పొట్లములు కట్టి ఏమియు తినలేదు. ఆ పిల్లవాండ్రలో నొకడు మా ముఖములు చూచెను కాబోలు, లేచి వచ్చి అత్తగారి చేతిలోని గరిటె పుచ్చుకొని, “అమ్మమ్మగారూ, మీరు కూర్చోండి. మేం వడ్డిస్తాం” అనెను. అరువదేండ్లు దాటిన మడికట్టు మనిషి వారు. అతని కులమేమో, గోత్రమేమో ఎరుగరు. ఒక క్షణము నిలిచి చూచిరి. పిదప వెళ్లి, గోడవైపున మొదటి విస్తరిముందు కూర్చుండిరి. మేమును ప్రక్కన కూర్చుంటిమి. పాత్రలు తోము ఆమె దొడ్డివాకిట నిలిచియుండగా, “నువ్వు కూడా రావే” అని అత్తగారే పిలిచిరి. కాపురమునకు వచ్చిన పిదప వారు తమ యింట మొదటి బంతిని భుజించినది ఆ రాత్రియే. ఆ భోజనములో ఉన్నవి పప్పు, మజ్జిగ, ఆవకాయ.

దాని తరువాత మూడు బంతుల పద్ధతి మా యింట మరల నిలువలేదు. ఎవరును నియమము చేయలేదు, చర్చ జరుగలేదు. వంటకములన్నియు నడుమ నుంచి, ఇద్దరు లేచి వడ్డించుట, వారి పిదప మరియిద్దరు లేచుట అలవాటయ్యెను. ఇంటి మగవారికి మొదట గరిటె పట్టుట చేతకాక పులుసు విస్తరి దాటి ప్రవహించెడిది. క్రమముగా నేర్చుకొనిరి.

1983లో కిలో రెండు రూపాయల బియ్యము పథకము రాష్ట్రమున మొదలయ్యెను. ఆ సంవత్సరమే మా యింట పాత్రలు తోము ఆమె తన మనుమని బారసాలకు మమ్ములను భోజనమునకు పిలిచెను. ఇరువదేండ్లుగా మా యింట తినినదే గాని, మమ్ములను పిలిచియుండలేదు. పిలుచుటకు గింజలు చాలెడివి కావు. ఇంటి పెద్దలలో కొందరికి పోవుట రుచింపలేదు. అత్తగారు మాత్రము, “పిలిస్తే రావటం ఒకవైపు మర్యాదేనా?” అని చెప్పులు తొడిగికొనిరి. వన్‌టౌనులో కొండవాలున నొక గది, ముందు తాటాకు పంచ. మాకు చాపలు పరచి, ఆకులు వేసి, బియ్యపు పరమాన్నము, వంకాయ కూర, పప్పుచారు పెట్టెను. తాను కూర్చుండక నిలిచి వడ్డించెను. అత్తగారు తినుచు తినుచు తలయెత్తి, “నీ వాటా తీసిపెట్టుకున్నావా?” అని అడిగిరి. ఆమె నవ్వి చూరుక్రింది ఉట్టివైపు చూపెను. మూతవేసిన గిన్నె అందు వ్రేలాడుచుండెను.

అటుపిమ్మట వచ్చిన మార్పులు శ్రోతలెల్లరు ఎరిగినవే. గ్యాసుపొయ్యి వచ్చి వంటయింటి పొగ పోయినది. 1986లో బాపట్ల పరిశోధనా స్థానమునుండి బి.పి.టి. 5204 అను సాంబమసూరి వెలువడి, సన్నబియ్యము సామాన్యుని విస్తరికి వచ్చినది. చాపలు పోయి బల్ల వచ్చినది, ఆకులు పోయి పళ్లెములు వచ్చినవి. పళ్లెము చేతబట్టి తిరుగుచు తినుట వచ్చినది. దీనిని నిందించువారు పలువురు కలరు. ఎవరి యాకలినిబట్టి వారు పెట్టుకొను పద్ధతిలో వడ్డించువారును వేళకు తినగలరు గనుక, మేము దానిని అంతగా నిందింపము. అమెరికాలోనున్న మా పిల్లలు తలకొక వంటకము వండి తెచ్చుకొని కలిసి తిందురట. మొదట వినినప్పుడు అది విందా యని నవ్వితిమి గాని, అందులో కడబంతి లేకుండుట గమనించితిమి.

తినుటయు తగ్గినది. మనిషికి అరసోల యను లెక్క నేడు వేసినచో సగము బియ్యము మిగులును. అతిథులలో మధుమేహులు లేని బంతి అరుదు. బూరె వలదన్నవారిని బలవంతము చేయుట ఇప్పుడు మర్యాద కాదు, అపాయము. 2020లో కరోనా వ్యాధి వలన తలుపులు మూసికొనిన మాసములలో ఇద్దరికి మాత్రమే అన్నము వండితిమి. అప్పుడును చేయి తప్పి తవ్వెడు ఎక్కువ పోసెడిది. రైళ్లు నడువకున్నను రైలువారి లెక్క చేతిని వదలలేదు.

ఇంట విందు చేయదలచు యువదంపతులకు మేము చెప్పగలిగినది కొద్దియే. వంటకములు అయిదింటికి మించనీయకుడు. అందులో ముందునాడే చేసి యుంచదగినవి రెండుండవలెను. పచ్చడి, పులిహోర గుజ్జు అట్టివి. వేడిగా పెట్టవలసినది ఒకటే యుండవలెను. రెండున్నచో ఒక మనిషి పొయ్యిని విడిచి రాజాలదు. కొసరి వడ్డించుట ఒక్కసారి ప్రేమ, రెండవసారి బలవంతము, మూడవసారి విస్తరిలో వృథా. పనికి సాయము వచ్చినవారుండినచో వారి భోజనము ఎక్కడ, ఎప్పుడు అనునది అతిథులను పిలుచుటకు ముందే నిశ్చయింపుడు.

ఇక గృహస్థులకు ఒక మాట. అతిథి లేచి తాంబూలము పుచ్చుకొని, భోజనము బాగున్నదని మెచ్చుకొనినప్పుడు సంతోషింపుడు. కాని ఆ మెప్పును పుచ్చుకొనుటకు ముందు వంటయింటిలోనికి ఒకసారి పోయి గిన్నెలు చూడుడు. వండినవారికి అన్నియు నున్నవా, పెరుగు తోడి గిన్నెలో మిగిలినదా అని చూడుడు. లేకున్నచో పొయ్యి వెలిగించి మీరే ఏదైన నొకటి వండుడు. ఉన్నచో ఒక విస్తరి వేసి, గరిటె పుచ్చుకొని, ఆమెను కూర్చుండుమనుడు.